లోకానికి లైవ్ షో... బాధితుడికి ‘వీడియో లాస్’!

సీసీ కెమెరా ఏడాదికి 364 రోజులు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ మిగిలిన ఒక్క రోజే నేరం జరుగుతుంది.

ఆ రోజు కరెంటు పోతుంది. లేదా హార్డ్ డిస్కు నిండిపోతుంది. లేదా వైరును ఎలుక కొరుకుతుంది. లేదా ‘టెక్నీషియన్ ఊరెళ్లాడండీ, సోమవారం వస్తాడు’. ఈ నాలుగు ముక్కల్లో ఒకటైనా మీ చెవిన పడే ఉంటుంది. బండి పోయినప్పుడో, మెళ్లో గొలుసు తెంపుకుపోయినప్పుడో, పార్కింగ్‌లో కారుకి ఎవడో గీత పెట్టినప్పుడో. పడలేదంటారా? అయితే మీకింకా ఏమీ పోలేదన్నమాట. తొందరేం లేదు, మీ వంతూ వస్తుంది.

అలాగని ఆ కెమెరా దండగ అనుకునేరు! మనకు కనపడకపోతే ఎవరికీ కనపడటం లేదనుకోవడం మన అమాయకత్వం. మీరు ఫుటేజీ కోసం అసోసియేషన్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతుంటే, అదే కెమెరాను ఎక్కడో మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు మంచం మీద పడుకుని సెల్లులో చూస్తుంటాడు. వాడికి దరఖాస్తు అక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. ప్రెసిడెంట్ గారి మూడ్ బాగుండాల్సిన పని అసలే లేదు.

ఎవరికి కనపడకూడదో వాళ్లకు కనపడుతుంది. ఎవరికి కనపడాలో వాళ్లకు కనపడదు. ఇదీ మన నిఘా. మిగతాదంతా రిబ్బన్ కటింగ్.

అతిశయోక్తి అంటారా? 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఏం జరిగింది? ఒక ప్రసూతి ఆసుపత్రి. డాక్టర్లు మహిళలను పరీక్షించే గది. ఆ గదిలో కెమెరా! అక్కడ కెమెరా ఎందుకయ్యా అని అడిగిన నాథుడు లేడు. ఆ వీడియోలు యూట్యూబ్‌లో తేలాయి. టెలిగ్రామ్‌లో బేరానికి వచ్చాయి. పోలీసులు తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ ఒక్క ఆసుపత్రే కాదు, దేశంలో ఇంకా ఎన్నో చోట్ల కెమెరాలకు ఇదే గతి అని తేలింది. ఇంత ఘనకార్యానికి దొంగలు వాడిన మహామంత్రం ఏమిటి? పత్రికలన్నీ రాశాయి: ‘అడ్మిన్123’. తాళం పగలగొట్టలేదు. తాళం మీదే రాసి ఉన్నది చదివారు, అంతే. మరి ఆ తాళం వేసినవాడిని ఏమనాలి? ఆ గదిలోకి వెళ్లిన ఆడకూతురికి ఎవరు సమాధానం చెప్పాలి?

పెట్టె పెట్టారు, పని అయిపోయింది

అసలు ఈ పెట్టె మన గడప ఎలా తొక్కుతుందో చూద్దాం. అపార్ట్‌మెంట్ మీటింగు. గేటుకి ఏ రంగు వేయాలన్న దాని మీద రెండు గంటల రసవత్తర చర్చ. కెమెరాల మీద ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లోనూ ఒకే ప్రశ్న: ‘అందరికంటే తక్కువ ఎవరు కోట్ చేశారు?’ సర్కారు టెండరులో దీన్నే ఎల్‌1 అంటారు. పేరు మారుతుంది, బుద్ధి మారదు.

మర్నాడు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి సరంజామా దిగుతుంది. నాలుగు కెమెరాలు. ఒక రోల్ త్రీ ప్లస్ వన్ కేబులు. గుప్పెడు బీఎన్‌సీ పిన్నులు. ఒక పవర్ సప్లై డబ్బా. వీటన్నింటికీ పెద్ద దిక్కుగా, వీడియోలు దాచే పెట్టె డీవీఆర్ ఒకటి. కొత్తదా? ఎవరో మార్చేస్తే వచ్చిన పాతదానికి కొత్త స్టిక్కరా? మూత విప్పి చూసేదెవరు? తెర మీద నాలుగు గళ్లలో నాలుగు బొమ్మలు కదిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక అసలు ఘట్టం.

‘సార్, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?’

‘నీకేది ఈజీ అయితే అది పెట్టవయ్యా!’

‘అపార్ట్‌మెంట్ పేరు, పక్కన 123 పెట్టేస్తా సార్. మేం అన్ని చోట్లా అదే పెడతాం.’

‘శభాష్. గుర్తుంటుంది. సెల్లులో వస్తుందా మరి?’

‘ఎక్కడ్నుంచైనా వస్తుంది సార్. రౌటర్‌లో పోర్టు ఓపెన్ చేసేశా.’

ఎక్కడ్నుంచైనా వస్తుందన్నాడు. ఎవరికైనా వస్తుందా అని ప్రెసిడెంట్ గారు అడగలేదు. అతనూ చెప్పలేదు. డాలస్‌లో ఉన్న అల్లుడు గారు సెల్లులో చూసి ‘మామయ్య గారూ, మీ గేటు తీసే ఉంది’ అని వాట్సాప్ పెడితే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నిజమే బాబూ, గేటు తీసే ఉంది. మీరు చూస్తున్న గేటు కాదు, మీరు చూడటానికి తీసిన గేటు! అల్లుడు గారు వచ్చిన దారినే ప్రపంచమంతా రావచ్చు. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న తలుపుల కోసం రాత్రీ పగలూ వీధివీధీ గాలించడమే పనిగా ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. వాటికి ఆదివారం లేదు, అమావాస్య లేదు.

ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుంది? టెక్నీషియన్ దగ్గర. అతని హెల్పర్ దగ్గర. పని మానేసి వెళ్లిన వాచ్‌మన్ దగ్గర. పోయినేడాది గొడవపడి దిగిపోయిన సెక్రటరీ గారి దగ్గర. డీవీఆర్ మూత మీద స్కెచ్ పెన్నుతో కూడా రాసి ఉంది, ఎందుకైనా మంచిదని. ఎవరి దగ్గర లేదు? గొలుసు పోగొట్టుకున్న మూడో అంతస్తు ఆంటీ గారి దగ్గర. ఆవిడకివ్వాలంటే మాత్రం ‘ప్రైవసీ అండీ, రూల్స్ ఒప్పుకోవు’.

కుక్క కంటే హీనం

పోనీ, ఆంటీ గారు పోరాడి గెలిచారు. పోలీసు కంప్లయింటు కాపీ తెచ్చారు. ప్రెసిడెంట్ గారు కరుణించారు. టెక్నీషియన్ ఊరి నుంచి దిగాడు. తెర వెలిగింది. ‘ఏ తారీకు అమ్మా?’ ‘ఈ నెల మూడు.’ ‘అయ్యో, తొమ్మిది నుంచే ఉందమ్మా!’

ఎందుకు లేదు? లెక్క వేయండి. మామూలు రెండు మెగాపిక్సెల్ కెమెరా. వీడియోను కుదించే పాత హెచ్.264 పద్ధతి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డయితే ఒక్కో కెమెరాకి రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ పైమాట. 1 టీబీ డిస్కు పదకొండున్నర రోజులకు నిండుతుంది. అసోసియేషన్ పొదుపు పుణ్యమా అని 500 జీబీ డిస్కు పెట్టారా? ఆరు రోజులు కూడా నిండవు. నిండగానే పాతదాన్ని తుడిచి కొత్తది రాస్తుంది. అదీ ‘ఓవర్‌రైట్’ పెట్టి ఉంటేనే. పెట్టకపోతే నిండిన చోటే ఆగిపోతుంది. తెర మీద బొమ్మలు మాత్రం చక్కగా కదులుతూనే ఉంటాయి. చూసేవాళ్లకి అన్నీ బాగున్నట్టే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఆ కుక్కలు నయం. ఆలస్యమైనా మొరిగాయి. మన డీవీఆర్ ఆరు రోజులకే అంతా మరచిపోయి తోక ఊపుతుంది!

మరి చట్టం? చట్టం దివ్యంగా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. 100 మంది, అంతకు మించి గుమిగూడే చోటల్లా కెమెరాలు పెట్టాలంది. ఫుటేజీ 30 రోజులు దాచాలంది. పై లెక్క ప్రకారం నాలుగు కెమెరాలకే 30 రోజులకు 2.6 టీబీ కావాలి. ఫంక్షన్ హాళ్లు, షాపింగ్ మాళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, సినిమా హాళ్లు. వీటిలో ఎన్నింటి డిస్కులో నెల కిందటి ఫుటేజీ ఉంది? ఎవరైనా వెళ్లి ‘ఏదీ, 29 రోజుల కిందటిది చూపించండి’ అని అడిగారా? కెమెరా ఉందా లేదా అని గోడ వంక చూసి, టిక్కు పెట్టి, టీ తాగి వస్తే తనిఖీ అయిపోయినట్టేనా?

సరే, ఫుటేజీ దొరికిందే అనుకుందాం. దొంగ ముఖం చంద్రబింబంలా కనిపిస్తోంది. తేదీ చూడండి. 2000 జనవరి 1, తెల్లవారుజామున 4 గంటలు. దొంగ గొలుసు తెంపింది మిట్టమధ్యాహ్నం కదా! ఏమైంది? డీవీఆర్ లోపల బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా గడియారాన్ని నడిపేది అదే. అది ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మన పెట్టె మొదటి నుంచి కాలం లెక్కపెట్టుకుంటోంది. పదుల రూపాయల బ్యాటరీ. మార్చడానికి ఒక్క స్క్రూ డ్రైవరు చాలు. కానీ మార్చమని ఎవరు చెప్పాలి? ఆ పని ఎవరిదీ కాదు కదా!

ఈ వీడియో పట్టుకుని కోర్టుకు వెళ్లండి చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. యంత్రం సరిగ్గా పనిచేస్తోందని సంతకం పెట్టాలి. ఎవరు పెడతారు? ప్రెసిడెంట్ గారా? ఆయనకి డీవీఆర్ ఏ మూల ఉందో కూడా తెలియదు. డిఫెన్సు లాయరు లేచి ‘యువరానర్, నా క్లయింటు 2000 సంవత్సరంలో ఇంకా పుట్టనేలేదు’ అంటే ఏం జవాబిస్తారు?

పెరటి తలుపు కంపెనీదే

తప్పంతా మనదేనా? కానే కాదు. పాస్‌వర్డ్ మార్చని మనకు బుద్ధి లేదు సరే, మార్చినా లాభం లేకుండా తయారుచేసిన మహానుభావుల సంగతేమిటి?

చైనాలో హాంగ్‌జౌ అని ఒక నగరం. హైక్‌విజన్, దాహువా, షియోంగ్‌మై మూడూ అక్కడివే. షియోంగ్‌మై పేరు మీరు విని ఉండరు. వినకూడదనే దాని ఏర్పాటు. అది బోర్డులు చేస్తుంది, వందకు పైగా బ్రాండ్లు వాటి మీద తమ పేరు అంటించుకుని అమ్ముకుంటాయి. ఎస్ఈసీ కన్సల్ట్ అనే సంస్థ 2018లో వాటిని విప్పి చూసింది. ఇంటర్నెట్‌లో అలాంటి పరికరాలు 90 లక్షల దాకా కనిపించాయి. అడ్మిన్ ఖాతాకి పాస్‌వర్డే లేదు, ఖాళీ! పోనీ అడ్మిన్‌కి మీరు గట్టిది పెట్టారనుకోండి. లోపల ఇంకో దొంగ ఖాతా ఉంది. పేరు ‘డిఫాల్ట్’. దాని పాస్‌వర్డ్? ఆ పేరునే ఇంగ్లీషులో చివరి నుంచి మొదటికి రాస్తే వచ్చేది! కోట్ల రూపాయల వ్యాపారం. ఇదీ వాళ్ల భద్రత. ఐదో తరగతి పిల్లలు చీటీలు రాసుకునేటప్పుడు ఇంతకంటే జాగ్రత్త పడతారు.

పెద్ద బ్రాండు కొన్నామని కాలర్ ఎగరేస్తున్నారా? ఆగండి. 2017లో హైక్‌విజన్ కెమెరాల్లో ఒక లోపం బయటపడింది. చిరునామా చివర ఒక చిన్న అక్షరాల తోక తగిలిస్తే చాలు, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి దయచేయండి అనేది. అదే ఏడాది దాహువా వంతు. యూజర్ల పేర్లూ పాస్‌వర్డ్ గుర్తులూ ఉన్న ఫైలును అడిగినవాడికల్లా ఇచ్చేసేది. దిద్దుబాటు సాఫ్ట్‌వేర్లు ఇచ్చారు, కాదనను. మీ వాచ్‌మన్ టేబుల్ కింద దుమ్ము పట్టిన పెట్టెలోకి ఆ దిద్దుబాటును ఎవరు ఎక్కించారు? ఇక పేరూ ఊరూ లేని చౌక పెట్టెకి దిద్దుబాటు ఎవరిస్తారు? అమ్మిన బ్రాండు ఈపాటికి చెప్పుల వ్యాపారంలోకి మారిపోయి ఉంటుంది.

పాత డీవీఆర్లలో చాలావాటికి ఇంకో వేడుక ఉంది. పాస్‌వర్డ్ మరచిపోతే తెర మీది తేదీ చూసి ఒక లెక్క కడితే ఆ రోజుకి పనిచేసే మాస్టర్ పాస్‌వర్డ్ వచ్చేస్తుంది. ఆ లెక్క రహస్యమా? టెక్నీషియన్లందరి సెల్లులోనూ ఉంది. అంటే మీరు పెట్టిన పాస్‌వర్డ్ మిమ్మల్ని మాత్రమే ఆపడానికి!

ఈ నిర్లక్ష్యం ఖరీదు ప్రపంచానికి తెలిసిన రోజు 2016 అక్టోబర్ 21. ఆ రోజు అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ గంటల తరబడి మూగబోయాయి. ఆ సైట్లకు దారి చూపే డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగింది. చేసిందెవరు? సైన్యమా? గూఢచారులా? కాదు. డీవీఆర్లూ, కెమెరాలూ, రౌటర్లూ! మిరాయ్ అనే వైరస్ అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ల చిట్టా పట్టుకుని ఇంటింటి తలుపు తట్టింది. లక్షల తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని పెట్టెల్లో ఆ పాస్‌వర్డ్ లోపలే పోతపోసి ఉంది. మార్చాలన్నా మెనూలో దారి లేదు. మిరాయ్‌ను తయారుచేసింది ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల పోటీలో మొదలైన గొడవ అది. 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. కానీ ఆ వైరస్ కోడ్‌ను అప్పటికే ఊరంతా పంచేశారు. దాని పిల్లలూ మనవలూ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మీ గేటు దగ్గర గొలుసు దొంగను పట్టలేని పెట్టె, మీకు తెలియకుండా అమెరికా మీద యుద్ధం చేసి రాగలదు. ఎంత టాలెంటు!

ఏలినవారి మూడో కన్ను

ఇదంతా చదివి ‘సర్కారు చూసుకోవద్దా’ అని మీరు అడగొచ్చు. సర్కారు చూసింది. చూసి, లెక్క చెప్పింది. ప్రభుత్వ సంస్థల్లో చైనా కంపెనీల కెమెరాలు 10 లక్షలున్నాయనీ, వాటి వీడియోలు విదేశీ సర్వర్లకు పోయే ప్రమాదం ఉందనీ 2021లో అప్పటి ఐటీ సహాయ మంత్రి పార్లమెంటులోనే సెలవిచ్చారు. ప్రమాదముందని ప్రకటించింది ఎవరు? సర్కారు. ఆ కెమెరాలు కొన్నది ఎవరు? సర్కారు. అదే నోటితో అమ్మడం, అదే నోటితో హెచ్చరించడం సిగరెట్ కంపెనీలకే చెల్లిందనుకున్నాం.

పోనీలే, నిబంధన తెచ్చారు. పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ ఉన్న కెమెరాలే అమ్మాలన్నారు. 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబర్ అన్నారు. మళ్లీ వాయిదా అన్నారు. చివరికి 2025 ఏప్రిల్ 9 నుంచి అమలు. సంతోషం. మరి అప్పటికే గోడలకు వేలాడుతున్నవో? అవి అలాగే వేలాడతాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఊరందరికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడమే చట్ట విరుద్ధం. వాళ్లు అక్కడ వద్దన్న సరుకు ఎక్కడికి చేరుతుందో మనకు వేరే చెప్పాలా?

మన హైదరాబాద్ సంగతి చూడండి. పోలీసులు ‘నేను సైతం’ అన్నారు. కాలనీవాళ్లే తలా కాస్త వేసుకుని కెమెరాలు పెట్టించుకోమన్నారు. జనం వేసుకున్నారు. ప్రారంభోత్సవాలు జరిగాయి, ఫొటోలు పడ్డాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా వచ్చింది. గోడంత తెర. బ్రహ్మాండం! పెట్టించడానికి ‘నేను సైతం’. పాడైతే బాగుచేయడానికి? ‘నేను కాదు’. పోలీసులంటారు కాలనీవాళ్లదని. కాలనీవాళ్లంటారు పోలీసులదని. స్తంభం మీది కెమెరా మాత్రం మెడ విరిచి ఆకాశం వంక చూస్తూ ఉంటుంది.

సరే, జనానికి తెలివి లేదు. జాగ్రత్తలు చెప్పే పోలీసులకో? 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్‌లోనే కన్నం పడింది. నమ్మి వివరాలిచ్చిన జనం సమాచారం ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చింది. పట్టుబడినవాడు ఎవరు? ఇరవై ఏళ్ల విద్యార్థి!

మనమే ఇలా ఉన్నామని మరీ కుంగిపోకండి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం. మోనాలిసా ఉండే చోటు. అక్కడి నిఘా కెమెరాల సర్వర్ పాస్‌వర్డ్ ‘లూవ్ర్’ అని 2014లోనే ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ తప్పు పట్టింది. 2025 అక్టోబర్ 19న దొంగలు వచ్చారు. వాళ్లకు పాస్‌వర్డ్ అవసరమే రాలేదు. సామాన్లు ఎక్కించే నిచ్చెన లారీ వేసుకుని బాల్కనీలోంచి దిగి 8.8 కోట్ల యూరోల నగలు పట్టుకుపోయారు. ఆ వైపు బయటున్న ఒకే ఒక్క కెమెరా వేరే దిక్కు చూస్తోందట. చూశారా, నిర్లక్ష్యానికి దేశం లేదు, టికెట్టు రేటులోనే తేడా!

ఇక్కడి దాకా నవ్వుకున్నాం. ఇక నవ్వలేని చోటికి వద్దాం.

2020 జూన్. తమిళనాడులో సాత్తాన్‌కుళం పోలీస్ స్టేషన్. లాక్‌డౌన్‌లో సెల్లు షాపు విషయంలో తండ్రీకొడుకులను తీసుకెళ్లారు. రాత్రంతా కొట్టారు. ఇద్దరూ చనిపోయారు. స్టేషన్లో కెమెరాలున్నాయి. హైకోర్టు పంపిన మేజిస్ట్రేట్ వెళ్లి డీవీఆర్ అడిగారు. డిస్కు 1 టీబీ. చోటు కావలసినంత ఉంది. కానీ ఏ రోజు రికార్డు ఆ రోజే చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టి ఉంది. ఆ రాత్రి ఫుటేజీ లేదు.

గమనించారా? మన అపార్ట్‌మెంట్‌లో సెట్టింగ్స్ ఎవరూ ముట్టుకోరు. అక్కడ ముట్టుకున్నారు. మనకి అర్థం కాని ఆ మెనూ వాళ్లకు బాగానే అర్థమైంది. చేతకానితనం కిందివాడిది. చేతగానట్టు కనపడటం పైవాడి విద్య.

అదే ఏడాది డిసెంబర్ 2న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రతి పోలీస్ స్టేషన్లో కెమెరాలుండాలి. మాటలూ రికార్డవ్వాలి. రాత్రి పూటా కనపడాలి. 18 నెలల ఫుటేజీ దాచాలి. మన లెక్కలో నాలుగు కెమెరాలకు 18 నెలలంటే 47 టీబీ. ఎన్ని స్టేషన్లలో ఉంది? దాదాపు ఐదేళ్లు గడిచాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే పత్రికలో వార్త చదివి మళ్లీ కేసు చేపట్టాల్సి వచ్చింది. రాజస్థాన్‌లో ఆ ఏడాది ఏడెనిమిది నెలల్లో పోలీసు కస్టడీలో 11 మంది చనిపోయారన్నది ఆ వార్త. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లేనివాడి బండి నంబరు రాత్రి వానలో కూడా స్పష్టంగా పట్టే కెమెరా, లాకప్ ముందుకు వచ్చేసరికి గుడ్డిదెలా అవుతుంది? చలానా పంపే డిస్కు నిండదు. చావు రికార్డయ్యే డిస్కే ఎందుకు నిండుతుంది? జవాబు మీకూ తెలుసు. నాకూ తెలుసు. వాళ్లకూ తెలుసు.

అరగంట పని

పైవాళ్ల సెట్టింగ్స్ మన చేతిలో లేవు. మన గుమ్మంలోవి ఉన్నాయి. పాత పెట్టె అమ్మేసి లక్షలు పొయ్యమని ఎవరూ అనడం లేదు. అరగంట పని, అంతే.

ముందు ఆ పెట్టె వెనక ఉన్న నెట్ వైరు పీకండి. రికార్డింగ్‌కి నెట్ అక్కర్లేదు, ఎవరు చెప్పినా నమ్మకండి. కొత్త సాఫ్ట్‌వేర్ రాని పాత డీవీఆర్‌కి ఇంతకు మించిన రక్ష లేదు. అల్లుడు గారు డాలస్ నుంచి చూడకపోతే కొంపలేం మునగవు. తప్పనిసరిగా చూడాల్సిందేనా? రౌటర్‌లో వీపీఎన్ పెట్టించుకుని ఆ దారిన రమ్మనండి. టెక్నీషియన్ తెరిచిన పోర్టులన్నీ మూయించండి. యూపీఎన్‌పీ అని ఒకటి ఉంటుంది, పెట్టె తన తలుపు తానే తీసుకునే సదుపాయం. దాన్ని డీవీఆర్‌లోనూ, రౌటర్‌లోనూ కట్టేయండి. నెట్ ఉంచాల్సిందే అయితే ఆ పెట్టెను మీ ఇంటి కంప్యూటరున్న నెట్‌వర్క్‌లో కాకుండా వేరే దాంట్లో పెట్టించండి.

డీవీఆర్ సొంత వెబ్ పేజీ తెరిస్తే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటుంది. మైక్రోసాఫ్ట్ దానికి 2022 జూన్ 15నే దినం పెట్టింది. పెట్టె అడిగిందని చచ్చినదాన్ని లేపకండి. టీవీకి తగిలించి, మౌసుతోనే పని కానివ్వండి. పాస్‌వర్డ్ మార్చండి. కొన్ని పాత పెట్టెలు ఆరు అంకెలకు మించి ఒప్పుకోవు. అందుకే నెట్ వైరు పీకమన్నది. యూజర్ల జాబితా తెరిచి మీకు తెలియని పేరేదైనా ఉంటే తీసేయండి. సెకండ్ హ్యాండ్ పెట్టె అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, డిస్కు ఫార్మాట్ చేశాకే వాడండి. పాత ఓనరు ఇంటి కాపురం మీకెందుకు?

బ్యాటరీ మార్చండి, గడియారం సరిచేయండి. డిస్కు పాడైతే కూత పెట్టే అలారం ఉంటుంది. చెవులు చిల్లులు పడుతున్నాయని దాన్ని ఆపేసిన మహానుభావుడెవరో కనుక్కుని మళ్లీ ఆన్ చేయండి. పెట్టెను వాచ్‌మన్ టేబుల్ మీద కాకుండా తాళమున్న చోట పెట్టండి. ‘పోతూ పోతూ డీవీఆర్ కూడా పట్టుకుపోయారు’ అన్న వాక్యం లేకుండా క్రైమ్ పేజీ వస్తోందా ఈ మధ్య? పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట, రోగిని చూసే చోట కెమెరా పెట్టినవాడితో మాత్రం సెట్టింగ్స్ మాట్లాడకండి. పీకి చేతిలో పెట్టండి.

ఇంకోసారి ప్రెసిడెంట్ గారు కానీ, ప్రిన్సిపాల్ గారు కానీ, ఎస్సై గారు కానీ, మంత్రి గారు కానీ ‘ఫరవాలేదు, మా దగ్గర కెమెరాలున్నాయి’ అంటే ఎన్నున్నాయని అడక్కండి. ఒక్కటే అడగండి: ‘పోయిన మంగళవారం రాత్రి రెండు గంటల ఫుటేజీ ఇప్పుడే, నా కళ్ల ముందు వేసి చూపించండి.’ చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. నీళ్లు నమిలితే, కెమెరాల పేరు చెప్పి మీ దగ్గర వసూలు చేసిన డబ్బుకు లెక్క అడగండి. అదైనా ఎక్కడో ఒక చోట రికార్డయి ఉండాలి కదా!